మాస్టారు కదలకుండా కూర్చున్న సాయంత్రం

మాస్టారి దగ్గర కారు నేర్చుకున్నవాళ్ళు ఆ పేటలో సందుకొకరు దొరుకుతారు. వాళ్ళలో ఒక్కసారైనా స్టీరింగు పట్టుకుని కళ్ళనీళ్ళు పెట్టుకోనివాళ్ళు మాత్రం దొరకరు. డ్రైవింగు స్కూలు కారులో నేర్పేవాళ్ళ కాళ్ళ దగ్గర కూడా ఒక బ్రేకు ఉంటుంది. నేర్చుకునే మనిషి తడబడితే దాన్ని తొక్కాలి, అంతవరకే. మాస్టారు తొక్కడంతో ఊరుకోక నోరు కూడా తెరిచేవారు. "ఆ లారీవాడు మీ మేనమామ అనుకున్నావా, నిన్ను చూసి పక్కకి జరగడానికి?" అని మొదలుపెడితే ఇక కారు స్కూలు ముందు ఆగేదాకా తిట్ల దండకమే. అందుకే ఆయనకి బ్రేకు మాస్టారని పేరొచ్చింది. ఆ పేరు బ్రేకుని బట్టి వచ్చిందని ఆయన అనుకునేవారు, నోటిని బట్టి వచ్చిందని మిగతా అందరికీ తెలుసు.

ఒక వానాకాలం పొద్దున ఇద్దరు పిల్లల తల్లి ఒకావిడ, ఆయన మాటలు పడలేక, నడిరోడ్డు మీద ఇంజను ఆపేసి, తాళంచెవి ఆయన ఒళ్ళో పడేసి, వానలో నడుచుకుంటూ వెళ్ళిపోయింది. వెనక బస్సులు చెవులు చిల్లులు పడేలా హారన్లు మోగిస్తుంటే మాస్టారు ఈ సీట్లోంచి ఆ సీట్లోకి పాకారు. వార్త ఆయనకన్నా ముందే ఇల్లు చేరింది.

"ఆ రెండో బ్రేకేదో మీ నోటికి పెట్టించుకోండి" అంది భార్య. ఆవిడ మందుల షాపులో కౌంటరు దగ్గర పనిచేస్తుంది. రోజంతా నలుగురితో మాట్లాడే మనిషి కాబట్టి, ధ్యానం నేర్పే చోటు ఒకటుందని కనుక్కుని వచ్చింది కూడా ఆవిడే.

అలా మాస్టారు ఊరి బయట ధ్యాన కేంద్రానికి వెళ్ళారు. అక్కడ మాట్లాడకూడదు. ఊపిరి పీలిస్తే పొట్ట పొంగుతుంది, వదిలితే తగ్గుతుంది, ఆ రెండూ గమనిస్తూ కూర్చోవాలి. మధ్యలో ఏది వచ్చినా దానికి మనసులోనే పేరు పెట్టి, దాని వెంట పరిగెత్తకుండా, మళ్ళీ పొట్ట దగ్గరికి రావాలి. మోకాలు పీకితే 'నొప్పి, నొప్పి'. ఒళ్ళు మండితే 'కోపం, కోపం'. ఎక్కడో తలుపు చప్పుడైతే 'వింటున్నాను, వింటున్నాను'. వచ్చింది ఏదైనా పోయేదే, నిలిచేది ఏదీ లేదు, ఆ సంగతి ఎవరికి వారు చూసి తెలుసుకోవాలి. బుద్ధుడు చూపించిన దారి ఇదే అన్నారు. నేర్పే ఆవిడ ఒకప్పుడు బడిలో డ్రిల్లు టీచరు. పిల్లల్ని గెంతించీ గెంతించీ చివరికి పెద్దవాళ్ళని కూర్చోబెట్టే పనిలో పడ్డానని ఆవిడే నవ్వుతూ చెప్పుకునేది. అందరూ ఆవిణ్ణి టీచరమ్మ అనేవారు.

రోజులో ఒక పూట మాత్రం, గంటసేపు కాలూ చెయ్యీ కదపకుండా, కళ్ళు తెరవకుండా కూర్చుంటామని ఎవరికి వారు గట్టిగా అనుకుని కూర్చోవాలి. చదువుకున్నవాళ్ళు, యోగాలు చేసినవాళ్ళు కూడా అరగంటకే అటూ ఇటూ ఒరిగిపోయారు. మాస్టారు రాయిలా కూర్చున్నారు. జీవితమంతా కారు సీట్లో కూర్చున్న నడుముకి ఇదొక లెక్కా? చివరి రోజు అందరికీ నోరు తెరవడానికి అనుమతి దొరికాక, "మీరు అసలు కదల్లేదండీ, నేను ఒక కన్ను తెరిచి చూశాను" అని ఒకాయన మెచ్చుకున్నాడు. కన్ను తెరవడం తప్పని ఆయనకి గుర్తు చేయాల్సింది పోయి మాస్టారు లోలోపల పొంగిపోయారు. ఇన్నేళ్ళ బతుకులో ఆయన్ని ఒకరు మెచ్చుకోవడం, అదీ నోరు మూసుకున్నందుకు, అదే మొదటిసారి.

ఇంటికొచ్చాక కోపం నిజంగానే తగ్గింది. కారులో అరుపులు పోయి, "పరవాలేదమ్మా, మళ్ళీ చూద్దాం" అనే మాటలొచ్చాయి. పాత శిష్యులు ఒంట్లో బాగాలేదేమోనని కంగారుపడ్డారు. కోపం ఖాళీ చేసిన చోట ఇంకొకటి వచ్చి దిగిందని ఎవరికీ తెలియలేదు. రోజూ సాయంత్రం ముందు గదిలో చెక్కపీట మీద ఆయన గంటసేపు కూర్చునేవారు. కేంద్రం నుంచి వచ్చాక ఒక్కరోజు కూడా కదల్లేదు, మధ్యలో లేవలేదు. అది తలుచుకుంటే ఆయనకి కడుపు నిండినట్టుండేది. గర్వం అనే మాట మాత్రం ఆయన పెట్టే పేర్లలో ఎప్పుడూ రాలేదు.

ఇంట్లో ముగ్గురే మనుషులు. మూడో మనిషి అత్తగారు, అంటే భార్య తల్లి. అల్లుడి ఇంట్లో ఉంటున్నానన్న బెరుకు ఆవిణ్ణి ఎప్పుడూ వదల్లేదు. గదిలో బల్బు పోయినా కూతురు వచ్చేదాకా చీకట్లో కూర్చునేది కానీ, పక్క గదిలో ఉన్న అల్లుడికి చెప్పేది కాదు. అల్లుడు ధ్యానంలో కూర్చుంటే రేడియో కట్టేసేది, చెప్పులు చేత్తో పట్టుకుని నడిచేది. "మా అల్లుడికి ఎంత నిగ్రహమో!" అని కింది వాటాలో కుట్టుమిషనావిడతో చెప్పుకునేది కూడా.

ఆ సాయంత్రం భార్య షాపు నుంచి ఇంకా రాలేదు. మాస్టారు పీట మీద కూర్చుని కళ్ళు మూసుకున్నారు. మనసు ఆ రోజు చెప్పినట్టు విన్నది. పొంగుతోంది, తగ్గుతోంది. పొంగుతోంది, తగ్గుతోంది. ఒళ్ళు తేలికైపోయింది. అంత హాయి కేంద్రంలో కూడా దొరకలేదు. ఇంట్లో ఎక్కడో ఏదో ధబ్బుమని పడింది. 'వింటున్నాను, వింటున్నాను.' చప్పుడు పోయింది. చూశావా, వచ్చింది పోయింది!

"బాబూ..."

అత్తగారి గొంతు. స్నానాలగది వైపు నుంచి. మాస్టారి పాదం తనంతట తనే బ్రేకు తొక్కినట్టు నేలని అదిమింది. పీట కిర్రుమంది. ఆయన కాలిని ఆపుకున్నారు. 'కదలాలని ఉంది, కదలాలని ఉంది' అని పేరు పెట్టారు. ఆ కోరిక కూడా పోయింది. ఇంత పట్టు దొరికిందే అని ఆయనకి సంతోషమేసింది.

"బాబూ, ఒక్కసారి..."

'వింటున్నాను.' ఆ గొంతులో వణుకు ఉంది, అదీ వినిపించింది. దానికి మాత్రం ఆయన పేరు పెట్టలేదు. నీళ్ళు రావడం లేదేమో అనుకున్నారు. భార్య వచ్చేస్తుందిగా అనుకున్నారు. ఇంకాసేపట్లో అలారం గంట మోగుతుంది, అప్పుడు వెళ్ళొచ్చు అనుకున్నారు. ఇప్పుడు లేస్తే ఇన్నాళ్ళ పట్టూ మట్టిలో కలిసిపోతుంది. మరోసారి "బాబూ" అని వినిపించింది, మొదటిదానికన్నా బాగా చిన్నగా. ఆ తర్వాత ఇల్లంతా సద్దుమణిగింది. మాస్టారు మళ్ళీ పొట్ట దగ్గరికి వెళ్ళిపోయారు.

గంట మోగాక కూడా ఆయన వెంటనే లేవలేదు. చివర్లో, సకల ప్రాణులూ సుఖంగా ఉండాలి, ఏ ప్రాణికీ బాధ కలగకూడదు అని నిండు మనసుతో అనుకోవాలి. ఆయన అదీ అనుకున్నారు, నిదానంగా, ఏ దిక్కునీ వదలకుండా. అప్పుడు లేచి, కాళ్ళు దులుపుకుని, మంచినీళ్ళ కోసం వంటింటి వైపు వెళ్తూ స్నానాలగదిలో దీపం వెలుగుతుండడం చూశారు. తలుపు కింది నుంచి నీళ్ళు బయటికి పారుతున్నాయి.

"అత్తయ్యా?"

"రాకండి బాబూ." లోపలి గొంతు చలికి వణికిపోతోంది. "తలుపు తియ్యకండి. ఏం లేదు. కాస్త జారాను. అమ్మాయిని రానివ్వండి."

మాస్టారు మెట్ల మీద పడుతూ లేస్తూ కిందికి పరిగెత్తి కుట్టుమిషనావిణ్ణి తీసుకొచ్చారు. ఆవిడ లోపలికి వెళ్ళింది. ఆయన గుమ్మం బయట గోడకేసి తిరిగి నిలబడ్డారు. ఆస్పత్రిలో మణికట్టు విరిగిందని చెప్పి చెయ్యంతా కట్టు కట్టారు. అంతసేపు తడి నేల మీద ఉండడం వల్ల జ్వరం కూడా వచ్చేలా ఉందన్నారు. షాపు నుంచి పరుగున వచ్చిన కూతురు తల్లి తల నిమురుతూనే మండిపడింది.

"ఆయన ఇంట్లోనే ఉన్నారు కదమ్మా! ఒక్క కేక వేస్తే ఏం పోయేది? నీకు నోరు లేదా?"

"పిలవలేదే" అంది అత్తగారు. గోడవైపు చూస్తూ అంది. "ఆయన్ని ఎలా పిలుస్తాను?"

మాస్టారు మంచం కాళ్ళ దగ్గర నిలబడి ఉన్నారు. చేతిలో కారు తాళాలున్నాయి. నోరు తెరిస్తే చాలు, మాట బయటికి వచ్చేస్తుంది. భార్య ఆయన వైపు తిరిగి, "చూశారా ఈవిడ మొండితనం?" అంది. ఆయన తలూపారు. అవునన్నట్టు తలూపారు! ఆ తల ఎలా ఊగిందో తర్వాత ఎంత ఆలోచించినా ఆయనకి అర్థం కాలేదు.

అక్కడి నుంచి అదే పాట. పలకరించడానికి వచ్చినవాళ్ళందరి ముందూ కూతురు తల్లిని దులిపేసింది. "పక్క గదిలో మనిషిని పెట్టుకుని నేల మీద పడుకుంది మహాతల్లి. సిగ్గట. ప్రాణం పోయాక సిగ్గుతో పనేముంది?" వచ్చినవాళ్ళు కూడా తలా ఒక మాట అనిపోయేవారు. "అల్లుడంటే కొడుకులాంటివాడు కాదూ" అని ఒకరు, "మీ వయసులో ఇంత పంతం పనికిరాదు" అని ఇంకొకరు. అత్తగారు కట్టు కట్టిన చెయ్యి ఒళ్ళో పెట్టుకుని తల వంచుకుని వినేది. మాస్టారు వాళ్ళకి కుర్చీలు వేసేవారు, టీ అందించేవారు. అందించాక అక్కడే నిలబడేవారు. పక్క గదిలోకి వెళ్ళినా ఆ మాటలు వినిపించేవే. ఒళ్ళంతా గొంగళిపురుగులు పాకుతున్నట్టుండేది. ఈసారి చెప్పేస్తాను అనుకునేవారు. ఈసారి వచ్చి వెళ్ళిపోయేది.

కారులో కూడా మనిషి మనిషిలా లేరు. రోడ్డు ఖాళీగా ఉన్నా కాలు ఊరికే బ్రేకు మీదికి పోయేది. "ఏమైంది మాస్టారూ, కుక్క అడ్డొచ్చిందా?" అని నేర్చుకునే అమ్మాయి అడిగితే అవునన్నారు. లేని కుక్కని కూడా సృష్టించుకోవలసిన గతి పట్టింది. సాయంత్రాలు పీట మీద కూర్చుంటే కళ్ళు మూయగానే "బాబూ" అని వినిపించేది. 'వింటున్నాను' అనుకోబోయి లేచిపోయేవారు. లేస్తే పట్టు పోతుందన్న దిగులు ఇప్పుడు లేదు. అంత విలువైనదని కాపాడుకున్న ఆ పట్టు ఇంత తేలిగ్గా పోయిందే అని తలుచుకుంటే మాత్రం మరింత సిగ్గేసేది.

వారానికొకసారి టీచరమ్మ సైకిలు షాపు మీది గదిలో అందరినీ కూర్చోబెట్టి, ఎవరి ధ్యానం ఎలా సాగుతోందో అడిగేది. మాస్టారు వెనక వరసలో కూర్చున్నారు. ఆయన వంతు వచ్చింది.

"మంచి పట్టు దొరికిన రోజున... పిలుపు వినిపించిందండీ" అన్నారు. "విన్నాను, విన్నానని గమనించాను. లేవలేదు."

"ఎవరు పిలిచారు?"

"పక్కింటివాళ్ళు." ఆ అబద్ధం ఎంత నున్నగా వచ్చిందో!

"ఎందుకు పిలిచారట?"

"ఏదో సాయం కావాలని."

టీచరమ్మ ఆశ్చర్యంగా చూసింది. "అయ్యో, లేవాల్సింది కదండీ. లేచేటప్పుడు 'లేస్తున్నాను, లేస్తున్నాను', నడిచేటప్పుడు 'నడుస్తున్నాను', తలుపు తీసేటప్పుడు 'తీస్తున్నాను'. అది కూడా ధ్యానమే కదా. ఎవరు చెప్పారు మీకు కూర్చుంటేనే ధ్యానమని?"

చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వారు. చెడ్డ నవ్వు కాదు, తెలిసిన పొరపాటుకి నవ్వే నవ్వు. మాస్టారు కూడా నవ్వబోయారు కానీ మొహం సహకరించలేదు. అంత తేలికా? నాలుగు అడుగులు వేస్తూ నాలుగు మాటలు అనుకుంటే సరిపోయేదా? కేంద్రంలో మొదటి రోజే నేర్పిన పాఠం అది, హాలు నుంచి భోజనాల గది దాకా అలాగే నడిపించారు. తెలియక చేసిన తప్పని చెప్పుకోవడానికి కూడా ఇక ఏమీ మిగల్లేదు. ఆయన ఇంటికి వెళ్ళేదాకా ఆగలేకపోయారు. మెట్లు దిగి, సైకిలు షాపు పక్క సందులో ఆపిన కారెక్కి, స్టీరింగు మీద తల పెట్టుకున్నారు. ఆ కారులో ఎంతోమంది ఏడ్చారు, ఆ రోజు ఆయన వంతు.

ఇంటికి వచ్చేసరికి భార్య పెరటి వైపు బట్టలు ఆరేస్తోంది. అత్తగారు తన గదిలో మంచం మీద కూర్చుని ఉంది. ఆయన వెళ్ళి గుమ్మంలో నిలబడ్డారు. ఆయన నోరు తెరిచేలోపు ఆవిడే మొదలుపెట్టింది.

"బాబూ, అమ్మాయి లేనప్పుడు ఒక మాట చెప్పాలని చూస్తున్నాను. ఆ రోజు నేను మిమ్మల్ని పిలిచాను."

మాస్టారు గుమ్మం పట్టుకున్నారు.

"మీరు విన్నారు. మొదటిసారి పిలిచినప్పుడు మీ పీట కిర్రుమనడం నాకు వినపడింది. లేచారనుకున్నాను. మళ్ళీ చప్పుడు లేదు. అప్పుడొచ్చింది నాకు బుద్ధి. ఒంటి మీద గుడ్డ సరిగా లేని మనిషిని, అందులో అత్తగారిని, ఏ మొహం పెట్టుకుని వచ్చి లేపుతారు మీరు? మీ మర్యాద మీరు నిలబెట్టుకున్నారు. నేనే వయసు మరిచి, వరస మరిచి కేకలు పెట్టాను." ఆవిడ కళ్ళు తుడుచుకుంది. "తలుచుకుంటే తల కొట్టేసినట్టుంటోంది. అందుకే అమ్మాయితో పిలవలేదన్నాను. మీరు కూడా ఆ మాట ఎవరి దగ్గరా ఎత్తకుండా నా పరువు కాపాడారు. రెండు చేతులూ ఎత్తి దండం పెడదామంటే ఒక చెయ్యి ఇలా ఉంది."

మాస్టారు ఆవిడ కట్టు కట్టిన చేతి వైపు చూశారు. ఇన్నాళ్ళూ ఆ ఇంట్లో సిగ్గుతో చస్తున్నది తనొక్కరే అనుకున్నారు. తన సిగ్గుని ఆవిడ తీసుకుని మోస్తోంది. అంతేకాదు, ఆయనకి కావలసిన సాకుని కూడా ఉతికి, మడతపెట్టి, చేతికి అందిస్తోంది. ఊఁ అంటే చాలు. మర్యాదస్తుడైన అల్లుడు. ఆవిడ జీవితాంతం కింది వాటా ఆవిడకి అదే చెప్పుకుంటుంది. ఊఁ అనాలని ఆయనకి ఎంత అనిపించిందో చెప్పలేం. పెదవుల దాకా వచ్చింది.

"మర్యాదా కాదు, పాడూ కాదు అత్తయ్యా" అన్నారు. "నాకు లేవాలనిపించలేదు."

"అంటే?"

"మధ్యలో లేస్తే గంట పూర్తి కాదని. కదలకుండా కూర్చుంటున్నానన్న పేరు పోతుందని. మీరు పిలిచింది విన్నాను. గొంతులో బాధ కూడా తెలిసింది. మీరు ఏ స్థితిలో ఉన్నారో, అసలు పడ్డారో లేదో కూడా ఆలోచించలేదు. విని కూర్చున్నాను. అంతే."

ఆవిడ చాలాసేపు ఆయన మొహంలోకి చూసింది. అల్లుడి మొహంలోకి ఆవిడ అలా చూడడం ఆయన ఎరగరు.

"అయితే నేను పిలవడం తప్పు కాదన్నమాట."

"కాదు అత్తయ్యా. తప్పు నాది."

"అందరూ నన్ను అన్నారు" అంది ఆవిడ. గొంతు పెరుగుతోంది. "వచ్చినవాళ్ళూ పోయినవాళ్ళూ అందరూ అన్నారు. నా కూతురు నాకు నోరు లేదంది." కందగడ్డలా ఎర్రబడిన మొహంతో ఆవిడ మంచం దిగింది. "ఏమే అమ్మాయ్! ఇలా రా!"

ఆ ఇంట్లో అంత గట్టిగా ఆవిడ ఎప్పుడూ మాట్లాడలేదు. కూతురు భుజం మీద తడి బట్టలతోనే పరిగెత్తుకొచ్చింది. "ఏమైందమ్మా? మళ్ళీ పడ్డావా?"

"పిలిచానే నేను! ఆ రోజు పిలిచాను. ఓపిక ఉన్నంతసేపు పిలిచాను. ఆయన విన్నారట. అడుగు!"

భార్య భర్త వైపు తిరిగింది. అడగక్కర్లేకపోయింది, ఆయన మొహమే చెప్పేసింది. అయినా అడిగింది.

"విన్నారా?"

"విన్నాను. కూర్చోవడం పూర్తి చేద్దామని..."

ఆయన ఇంకా చెప్పబోయారు. తన సిగ్గు గురించి, టీచరమ్మ మాట గురించి, సందులో ఏడ్చిన ఏడుపు గురించి చెప్పుకోవాల్సింది చాలా ఉందనుకున్నారు. భార్య చెయ్యెత్తి ఆపింది. భుజం మీది బట్టలు ఒక్కొక్కటిగా తీసి కుర్చీ మీద వేసింది. వేస్తున్నంతసేపూ ఏదో గుర్తుచేసుకుంటున్నట్టు ఉంది.

"కళ్ళు మూసుకుని కూర్చున్న ఆ గంట సంగతి వదిలెయ్యండి" అంది చివరికి. "ఆ తర్వాత మీరు కళ్ళు తెరుచుకునే ఉన్నారు కదా. వచ్చిన ప్రతి మనిషి ముందూ నేను అమ్మని తిడుతుంటే పక్కనే ఉండి టీ ఇచ్చారు. అదంతా కూడా విన్నారు కదా?"

మాస్టారు తల ఎత్తలేకపోయారు.

"విన్నాను" అన్నారు.

ఆవిడ తల్లి పక్కన కూర్చుని, కట్టు దాటి బయటికున్న వేళ్ళని పట్టుకుని, "నన్ను క్షమించమ్మా" అంది. ఆ మాట అనాల్సింది తనేనని, ఇద్దరితోనూ అనాలని మాస్టారికి తెలుసు. మాస్టారు గుమ్మంలోనే నిలబడిపోయారు. వాళ్ళిద్దరూ ఆయన్ని లోపలికి రమ్మనలేదు, పొమ్మనలేదు.